పంటి దాటిన పిల్లలు

ఆదివారం సాయంత్రం అయిదింటికి యూత్ మీటింగ్. మా వైపు ఏ కతోలిక విచారణలో (పారిష్‌లో) అడిగినా దాదాపు ఇదే టైము చెబుతారు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. పొద్దున్న పూజలు, మధ్యాహ్నం భోజనం, ఓ కునుకు అయ్యాక ఫాదర్ గారికి దొరికే తీరిక అదే కాబట్టి అలా స్థిరపడిపోయి ఉంటుంది. అయితే రాజోల్లో ఆదివారం సాయంత్రం ఇంకొకటి కూడా జరుగుతుంది. హైదరాబాదు బస్సులు బయల్దేరతాయి. శనివారం తెల్లారగట్ల దిగిన పిల్లలంతా బ్యాగులు వీపున తగిలించుకుని, అమ్మమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా కారకుండా చేత్తో నిటారుగా పట్టుకుని సెంటర్లో నిలబడి ఉంటారు. గుళ్లో గంట మోగుతూనే ఉంటుంది. ఇక్కడ క్లీనరు "కూకట్‌పల్లి, అమీర్‌పేట, ఎల్బీనగర్" అని అరుస్తూనే ఉంటాడు. ఎవరి పిలుపు ఎవరికి వినపడాలో వాళ్లకి వినపడుతుంది.

"యువత గుడికి ఎందుకు దూరమవుతోంది" అన్న విషయం మీద జరిగే సదస్సులకి నేనూ వెళ్తుంటాను. కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, పైగా గుళ్లో పాటలు పాడేవాళ్లలో ఒకణ్ణి కాబట్టి యువజన సేవ అనగానే నన్నూ లాగుతారు. సెల్‌ఫోన్లు, సినిమాలు, తల్లిదండ్రుల అశ్రద్ధ, జపమాల చెప్పుకోని ఇళ్లు. కారణాల జాబితా ఎప్పుడూ ఇదే. మధ్యాహ్నం బిర్యానీ తిని, గ్రూపు ఫోటో దిగి, తీర్మానాలు చదువుకుని ఇళ్లకొచ్చేస్తాం. బస్సుల టైము గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. మా పిల్లలు దేవుడికి దూరమయ్యారో లేదో దేవుడికే తెలియాలి. రాజోలుకి మాత్రం దూరమయ్యారు. ఈ రెంటినీ ఒకటే అనుకుని మందు వేస్తున్నాం, అందుకే రోగం కుదరడం లేదు.

రాజోలంటే వశిష్ఠ గోదావరి ఒడ్డు. దిండి దగ్గర చించినాడ వంతెన పడకముందు పాలకొల్లు వెళ్లాలన్నా పడవ మీద నది దాటాల్సిందే. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటి మీద మోటారు సైకిళ్లు ఎక్కించుకుని దాటే అలవాటు మాకు కొత్త కాదు. ఇంటర్ అయ్యేదాకా పిల్లలు ఇవతలే ఉంటారు. ఆ తర్వాత చదువైనా, ఉద్యోగమైనా, పెళ్లయినా దాదాపు అన్నీ అవతలే. ఇక్కడ కాలేజీలు లేవని కాదు. రాజోల్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది, మలికిపురంలో డిగ్రీ కాలేజీ ఉంది, ఓడలరేవులో ఇంజినీరింగు, అమలాపురంలో వైద్య కళాశాల ఉన్నాయి. అయినా ర్యాంకు కాస్త బాగా వస్తే భీమవరం, సూరంపాలెం, విజయవాడ. చదువయ్యాక అమీర్‌పేటలో కోర్సు. ఆ తర్వాత హైటెక్ సిటీయో బెంగుళూరో. కొందరు నేరుగా మస్కట్, కువైట్, దోహా. మిగిలే ఆ కొద్దిమందీ ఎవరు? డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలు, కొబ్బరి దింపులకీ రొయ్యల చెరువులకీ వెళ్లే కుర్రాళ్లు, వీసా ఎప్పుడొస్తుందా అని ఫోన్ చూసుకునేవాళ్లు. మన యూత్ మీటింగుకి వచ్చేది వీళ్లే. వీళ్లలోనూ సగం మంది మనసు అప్పటికే అవతలి ఒడ్డున ఉంటుంది.

మరి ఇవతల ఉన్నవాళ్లకి మనం ఏం పని చెబుతున్నాం? చాలా విచారణల్లో యూత్ అంటే పందిరి వేసేవాళ్లని అర్థం. క్రిస్మస్‌కి పశువుల పాక కట్టాలి, నక్షత్రం ఎక్కించాలి. మట్టల ఆదివారానికి కొబ్బరి మట్టలు కొట్టుకు రావాలి. పండగ రోజున కుర్చీలు వేయాలి, భోజనాల దగ్గర సాంబారు బకెట్టు పట్టుకుని పరిగెత్తాలి, అన్నీ అయ్యాక ఆ కుర్చీలు లెక్కపెట్టి షామియానా వాడికి అప్పజెప్పాలి. ఈ పనులు తక్కువవని అనను. చేతులు కలిపి పని చేసిన చోటే స్నేహాలు పుడతాయి. కానీ విచారణ లెక్కలు ఎలా ఉన్నాయో, ఏ ఖర్చు ఎందుకు పెట్టారో, ఈ ఏడాది ఏం చేద్దామో అనే దగ్గర మాత్రం ఆ కుర్రాళ్లకి కుర్చీ ఉండదు. 2018 అక్టోబరులో ఫ్రాన్సిస్ పాపుగారు యువత గురించే రోములో బిషప్పుల సినడ్ జరిపించారు. దాని తర్వాత 2019 మార్చిలో ఆయన సంతకం చేసిన 'క్రిస్తుస్ వివిత్' లేఖలో, యువజన సేవ చేయాల్సింది యువతే, పెద్దలు తోడుండాలి అని తేటగా ఉంది. మా దగ్గర ఆ లేఖ గురించి ప్రసంగాలు చాలా జరిగాయి. వేదిక మీద కుర్చీలు కూడా యువతే వేశారు.

హాస్టల్ సంగతికి వస్తాను. అసలు విషయం అక్కడుంది.

మా దగ్గర ఇంటర్ పాసై భీమవరం ఇంజినీరింగులో చేరిన కుర్రాడు ఒకడు చెప్పాడు. చేరిన మొదటి వారం, రాత్రి తొమ్మిదింటికి రూము తలుపు తట్టి ఒక సీనియర్ వచ్చాడట. "తమ్ముడూ, నువ్వు బిలీవరా?" అని అడిగాడట. ఔనన్నాడు వీడు. "అయితే మంగళవారం రాత్రి పై అంతస్తులో చిన్న ప్రేయర్ ఉంటుంది, వస్తావా? సప్లీ ఏమైనా ఉంటే మనవాళ్లు చెప్తార్లే, భయపడకు" అన్నాడట. అంతే. గుడి లేదు, పాస్టరు లేడు, మైకు లేదు. ఒక గిటారు, నాలుగు బైబిళ్లు, ఇంకా పాత సెమిస్టరు ప్రశ్నపత్రాలు. వీడు నాలుగేళ్లూ అక్కడికే వెళ్లాడు. "మరి ఆర్.సి.ఎం. గుడి దగ్గర్లోనే ఉంది కదరా?" అన్నాను. "ఉందండి మాస్టారూ. పండగలకి వెళ్లేవాణ్ణండి. అక్కడ నన్నెవరూ ఎరగరండి" అన్నాడు.

ఆ తలుపు తట్టిన సీనియర్ వెనక ఉన్న ప్రొటెస్టెంటు విద్యార్థి సంస్థ పేరు యు.ఇ.ఎస్.ఐ. ఇ.యు. అని పిల్లలు పిలుచుకుంటారు. 1954లో మొదలైంది. తెలుగు నాట ఇంజినీరింగు, మెడికల్ కాలేజీల్లో దానికి మంచి పట్టుంది. చదువు అయిపోయి ఉద్యోగంలో చేరినవాళ్లకి వేరే సహవాసం, వాళ్లే మళ్లీ విద్యార్థుల బాధ్యత చూస్తారు. కతోలికులకి ఇలాంటిది లేదా అంటే, ఉంది. వయసులో ఇంకా పెద్దది. అఖిల భారత కతోలిక విశ్వవిద్యాలయ సమాఖ్య, ఎ.ఐ.సి.యు.ఎఫ్., 1924లో యేసుసభ గురువుల చేతుల మీదుగా మద్రాసు కేంద్రంగా పుట్టింది. అంటే ముప్పై ఏళ్లు ముందు. నూరేళ్ల పండగ కూడా అయిపోయింది. అన్నయ్య మనవాడే, తలుపు తట్టింది తమ్ముడు.

ఎందుకలా అంటే, నాకు తోచిన కారణం ఒకటే. కతోలిక విద్యార్థి సేవ మన సొంత కాంపౌండు గోడల లోపల పెరిగింది. 1953లో విజయవాడలో ఆంధ్ర లయోలా, అదే ఏడాది ఏలూరులో జె.ఎం.జె. సిస్టర్ల సెయింట్ థెరీసా మహిళా కళాశాల, 1962లో మళ్లీ విజయవాడలో మారిస్ స్టెల్లా. ఆ రోజుల్లో చదువుకోగలిగిన కతోలిక పిల్లలు ఎక్కువగా ఈ కాలేజీల వైపే చూసేవారు. ప్రార్థనాలయం ఆవరణలోనే ఉండేది, హాస్టల్ వార్డెనే సిస్టరు గారు, విద్యార్థి సంఘానికి పెద్ద ఫాదరు గారు. పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లాల్సిన పని లేదు, పిల్లలే లోపలికి వచ్చి ఉండేవారు. తొంభైల తర్వాత ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలు వరసగా లేచాయి. పిల్లలు ఆ బస్సులెక్కారు. సేవ మాత్రం పాత ఆవరణలోనే ఉండిపోయింది. వాచ్‌మన్ ఉన్నాడు, గేటుంది, మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. పిల్లలే వేరే చోట ఉన్నారు.

ఇంకో దేశంలో ఇదే చిక్కు నూటముప్పై ఏళ్ల కిందటే వచ్చింది. అమెరికాలో కతోలికేతర విశ్వవిద్యాలయాల్లో చేరిన కతోలిక పిల్లలకి చూసే దిక్కు లేకపోతే, 1893లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులే న్యూమన్ క్లబ్ అని ఒకటి పెట్టుకున్నారు. ఆక్స్‌ఫర్డులో చదివి, అక్కడే బోధించి, 1845లో కతోలిక శ్రీసభలోకి వచ్చిన కార్డినల్ న్యూమన్ పేరు మీద. ఆ తర్వాత అలాంటి కేంద్రాలు ఊరూరా లేచాయి. ఆ న్యూమన్‌కే 2025 నవంబరు 1న లియో పాపుగారు శ్రీసభ పండితుడన్న గౌరవం ఇచ్చారు. చూడండి, అది పై నుంచి వచ్చిన సర్క్యులర్‌తో మొదలైన పని కాదు. దూరంగా ఉన్న పిల్లలు తమలో తాము ఒకరినొకరు వెతుక్కున్నారు. పెద్దలు తర్వాత వచ్చి తోడున్నారు.

పై నుంచి సర్క్యులర్ రాలేదా అంటే వచ్చింది. చట్టమే ఉంది. 1983 నాటి శ్రీసభ చట్టంలో 813వ సూత్రం, విద్యార్థుల ఆధ్యాత్మిక బాధ్యత బిషప్ గారిది అంటుంది. అవసరమైతే విద్యార్థుల కోసమే ఒక విచారణ ఏర్పాటు చేయమంటుంది, లేకపోతే అదే పని మీద ఉండేలా గురువుల్ని నియమించమంటుంది. మన కాలేజీలు కానిచోట కూడా కేంద్రాలు పెట్టమంటుంది. ఇంకా ముచ్చటైన సూత్రం 102వది. ఎవరైనా ఒక విచారణ పరిధిలో మూడు నెలలు నివాసముంటే, లేదా ఉండాలన్న ఉద్దేశంతో వచ్చి చేరితే, వాళ్లకి అక్కడ తాత్కాలిక నివాసం ఏర్పడినట్టే. అంటే ఆగస్టులో హాస్టల్లో చేరిన మా రాజోలు పిల్ల క్రిస్మస్‌కి ముందే ఆ ఊరి విచారణ బిడ్డ. ఈ సంగతి పిల్లకి తెలీదు, తల్లికి తెలీదు. అక్కడి విచారణ గురువులకి తెలిసే ఉంటుంది, చదువుకున్నారు కదా. అయితే పిల్ల వచ్చిందన్న సంగతే ఆయనకి తెలీదు.

చెప్పాల్సింది ఎవరు? ఇక్కడివాళ్లే. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు అప్పగింతలు పెడతాం. పళ్లెంలో పాలు పోసి, ఆ చేతుల్లో ఈ చేతులు పెట్టి, ఏడ్చి మరీ అప్పగిస్తాం. హాస్టల్‌కి పంపేటప్పుడు మాత్రం పరుపు, బకెట్టు, తాళం కప్ప అప్పగించి బస్సెక్కేస్తాం. నా మట్టుకు నేను, యువజన సేవ అంటే రాజోలు లాంటి చోట సగానికి సగం ఈ అప్పగింతే అంటాను. మీటింగులు నడపడం కంటే ముందు ఇది. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారు, ఏ కాలేజీ, ఏ హాస్టల్, దగ్గర్లో పూజ ఎక్కడ, తెలుగు పూజ ఎన్నింటికి, అక్కడ మన వాళ్లు ఎవరున్నారు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఒక నోటు పుస్తకం, ఒక ఫోను, ఓపికున్న ఇద్దరు మనుషులు ఉంటే జరిగే పని. పెద్ద నిధులు అక్కర్లేదు కాబట్టే కాబోలు, దీనికి ఎవరూ ప్రాజెక్టు రిపోర్టు రాయరు.

మా ప్రాంతం సంగతి చెప్పేటప్పుడు గల్ఫు గురించి రాకపోతే అబద్ధమవుతుంది. మా దగ్గర చాలా ఇళ్లలో యువత ఊరు దాటకముందే అమ్మ దాటేసింది. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటి పనికి వెళ్లిన తల్లులు పంపిన డబ్బుతోనే వీళ్ల ఫీజులు, వీళ్ల స్మార్టు ఫోన్లు, వీళ్ల ఇంటి మీద రెండో అంతస్తు. పెంచింది అమ్మమ్మ. మా గుంపులో ఒక డిగ్రీ పిల్ల ఉంది, మాటకారి. ఓసారి తల్లి గురించి చెబుతూ, "వాళ్ల మేడమ్ వదిలితే అమ్మ శుక్రవారం పూజకెళ్తుందండి. నేను ఆదివారం వెళ్తానండి. మా ఇద్దరికీ ఆదివారాలు కలవవండి" అంది. నవ్వుతూనే అంది. మేం మాత్రం నవ్వలేకపోయాం.

ఆ మాట వెనక పెద్ద సంగతే ఉంది. కువైట్, ఒమాన్ లాంటి దేశాల్లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం పని దినం. అందుకని అక్కడి గుళ్లలో ఆదివారపు పూజని శుక్రవారమే సమర్పిస్తారు, జనం కిటకిటలాడేదీ ఆ రోజే. రెండు వేల ఏళ్ల శ్రీసభ, పునరుత్థానపు రోజైన ఆదివారాన్ని ప్రాణం కంటే మిన్నగా చూసుకునే శ్రీసభ, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కోసం, కట్టడం కూలీల కోసం, నర్సుల కోసం తన ఆదివారాన్ని శుక్రవారానికి తెచ్చుకుంది. ఎవరి విశ్వాసమూ పాడవలేదు. మరి రాజోల్లో అయిదింటి మీటింగుని శనివారం పగటికి జరపడానికి ఎందుకింత ఆలోచన? కూకట్‌పల్లిలో రాత్రి షిఫ్టు చేసి ఆదివారం పదకొండింటికి లేచే పిల్లాడి కోసం సాయంత్రం ఏడింటికి ఒక తెలుగు పూజ పెడితే ఏం పోయింది? అలాంటి పూజ పెట్టిన చోట్ల గుడి నిండుతుంది కూడా. నేను చూశాను.

కేరళవాళ్లని చూసి నేర్చుకోవాల్సింది ఇక్కడే. ఎనభైల్లో అక్కడ మొదలైన జీసస్ యూత్ నర్సులతో పాటు గల్ఫుకీ, ఇంజినీర్లతో పాటు బెంగుళూరుకీ నడిచి వెళ్లింది. 2016లో రోము గుర్తింపు వచ్చింది. వాళ్లు ఊరిని పట్టుకుని కూర్చోలేదు, మనిషిని పట్టుకున్నారు. మనకి యువజన ఉద్యమం ఐ.సి.వై.ఎం. ఉంది, విద్యార్థుల ఉద్యమం వై.సి.ఎస్. ఉంది, మేత్రాసనానికో యువజన డైరెక్టరు గారు ఉంటారు. సంస్థలకి కరువు లేదు. విచారణ హద్దు దగ్గర ఆగిపోతాయి, అదీ చిక్కు.

వై.సి.ఎస్. అన్నాను కాబట్టి దానికి మూలమైన ఫాదర్ కార్డైన్ గురించి చెప్పాలి. ఆయనది బెల్జియం. గురుత్వ విద్యార్థిగా ఉన్నప్పుడు సెలవులకి ఇంటికొస్తే, ఫ్యాక్టరీ పనికి వెళ్లిన చిన్ననాటి స్నేహితులు ఆయన్ని పరాయివాడిలా చూశారట. నిన్నటిదాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఆ దెబ్బతో ఆయన జీవితమంతా ఆ కుర్రాళ్ల కోసమే పెట్టాడు. 1925లో యువ కార్మికుల ఉద్యమం స్థిరపడింది, విద్యార్థుల శాఖ తర్వాత వచ్చింది. ఆయన పద్ధతి మూడు మాటలు. చూడు, నిదానించు, చెయ్యి. 1961లో ఇరవైమూడో జాన్ పాపుగారు తన విశ్వలేఖలో ఆ పద్ధతిని శ్రీసభ మొత్తానికి సిఫారసు చేశారు. మా పిల్లలకి ఈ మూడు మాటలు క్విజ్ పోటీలో జవాబుగా తెలుసు. వాడి చూసినవాళ్లు తక్కువ.

ఒకసారి వాడి చూశాం. బైబిలు వాక్యం, ప్రసంగం, రెండు పాటలు అనే అలవాటు పక్కనపెట్టి, ఆ సాయంత్రం 'పాస్‌పోర్టు' అన్నదే విషయం. మీ ఇంట్లో ఎవరు వెళ్లారు, ఏజెంటు ఎంత తీసుకున్నాడు, ఏ వీసా అన్నాడు, దిగాక ఏమైంది. అంతకుముందు నోరు విప్పని కుర్రాళ్లు కూడా మొదలెట్టారు. ఇంటి పనికి విజిట్ వీసా మీద పంపిన పిన్ని గురించి ఒకడు, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయిన అక్క గురించి ఇంకొకతె. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ ఉంటే పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. (వలస తనిఖీ అవసరమన్న) ముద్ర పడదని, ఆ ముద్ర ఉన్న ఆడమనిషి ముప్పై ఏళ్లు నిండకుండా ఇంటి పనికి గల్ఫు వెళ్లడానికి ప్రభుత్వం ఒప్పుకోదని, లైసెన్సు ఉన్న ఏజెంటో కాదో ఇ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చని ఆ రోజు అక్కడున్న పెద్దవాళ్లకి కూడా తెలిసింది. మీటింగు చివర యాత్రికుల ప్రయాణాల గురించి కీర్తన చదివాం. ఎప్పుడూ చదివేదే. ఆ వేళ ఎవరూ ఫోన్ తీయలేదు. తర్వాత వారాల్లో ఇద్దరు అమ్మాయిలు పదో తరగతి తప్పిన తమ వీధి ఆడవాళ్లని ఓపెన్ స్కూలు పరీక్షకి కట్టించారు. ఇదీ యువజన సేవేనా అని ఒక పెద్దాయన సందేహం వెలిబుచ్చారు. కార్డైన్ ఉంటే ఆయనకి జవాబు చెప్పేవారు.

ఇక పేర్ల పట్టిక సంగతి. యువజన సంఘం అనగానే మొదట అడిగేది సభ్యుల లిస్టు. పేరు, జ్ఞానస్నానం పొందిన తేదీ, చదువు, ఫోన్ నంబరు, ఒక ఫోటో. మా దగ్గర ఈ కాగితం ఇచ్చి చూడండి, సగం మంది ఇంటికి తీసుకెళ్లి తిరిగి తేరు. భక్తి లేక కాదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకి బి.సి.-సి కింద ఒక్క శాతం. తాత మారిన మతానికి మనవడి సీటు పోతుంది, అతని వాడ మాత్రం మారదు, అతన్ని పిలిచే పేరు మారదు. 2022లో మన పూల ఆంథొనీ గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి వచ్చిన తొలి కార్డినల్. ఆ సంవత్సరమే కేంద్రం ఈ చిక్కు మీద బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కుర్రాడు ఇంతలో కౌన్సెలింగుకి వెళ్లాలి కదా. గుళ్లో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు పెట్టుకు తిరిగే పిల్లాణ్ణి పట్టుకుని విశ్వాసంలో ధైర్యం లేదని ప్రసంగించడం నాకు నచ్చదు. ఆ మెలిక వాడు వేసింది కాదు. యువజన సేవ చేసేవాళ్లు కనీసం ఇంతైనా చేయాలి: లిస్టు కోసం ఒత్తిడి చేయకూడదు, గ్రూపు ఫోటో తీసి అడక్కుండా ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు. దీవించే ముందు వాళ్ల జాగ్రత్తని గౌరవించాలి.

ఆడపిల్లల విషయం ఇంకోటి. మీటింగు ఆరున్నరకి అయిపోవాలి, చీకటి పడకుండా కాలవ గట్టు దాటాలి. ఈ ఒక్క కారణంతో ఎంత తెలివైన పిల్లయినా కార్యదర్శి దగ్గరే ఆగిపోతుంది, అధ్యక్షుడు ఎప్పుడూ మోటారు సైకిలు ఉన్నవాడే. అంతకంటే చెప్పడానికేం లేదు. మీటింగుని పగటి పూటకి మారిస్తే సరిపోయే సమస్యని సంస్కృతి అని పిలుస్తున్నాం.

ప్రపంచ యువజన దినోత్సవాలు మావాళ్లకి తెలియనివి కావు. 2023లో లిస్బన్‌లో లక్షల మంది చేరిన వీడియోలు చూశారు. 2027 ఆగస్టులో సియోల్‌లో అని కూడా తెలుసు. జీన్స్ ప్యాంటు, స్పోర్ట్సు బూట్లతో ఉన్న కార్లో అకూటిస్ బొమ్మ ఫోన్ వెనక అంటించుకున్నవాళ్లున్నారు. పదిహేనేళ్లకే, 2006లో కన్నుమూసిన ఆ కుర్రాణ్ణి 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించారు. కంప్యూటర్ తెలిసిన పునీతుడు అనేసరికి బి.టెక్. పిల్లలకి దగ్గరితనం. మంచిదే. అయితే సియోల్ టిక్కెట్టు మా పిల్లల్లో ఎంతమందికి అందుతుంది? వాళ్లకి అందే మహాసభ వేరే ఉంది, అది ప్రతి ఏడాదీ వస్తుంది. సంక్రాంతి.

క్రిస్మస్‌కి సెమిస్టరు పరీక్షలు అడ్డం పడతాయి, ఐటీ వాళ్లకి ఒక్క రోజే సెలవు. వేసవి శిబిరం పెడితే డిగ్రీ పరీక్షలు, ఇంటర్న్‌షిప్‌లు. భోగి నుంచి ముక్కనుమ దాకా మాత్రం కోనసీమ బిడ్డ ఎక్కడున్నా ఇంటికి చేరతాడు. జగ్గన్నతోట ప్రభలు, బరుల దగ్గర జాతర, ఇంటి నిండా చుట్టాలు. మతంతో పని లేదు, అందరూ వస్తారు. సంక్రాంతిని మనది కాని పండగలా చూసి ఆ నాలుగు రోజులూ గుడి తలుపులు వేసుకుని కూర్చునే కంటే, కనుమ మర్నాడు పొద్దున్న ఒక పూజ, టిఫిను, పదింటి దాకా కబుర్లు పెట్టుకోవచ్చు. ప్రసంగాలు వద్దు. కొత్తగా భీమవరం వెళ్లబోయే ఇంటర్ పిల్లాడి పక్కన అక్కడ చదివి బయటికొచ్చినవాణ్ణి కూర్చోబెట్టండి. అమీర్‌పేటలో గది వెతుక్కోబోయే అమ్మాయికి అక్కడ ఉంటున్న అక్క నంబరు ఇప్పించండి. ఉద్యోగం పోయినవాడు ఉంటాడు, ఇంట్లో చెప్పి ఉండడు. వాడికి పాపసంకీర్తనానికి ఒక ఫాదరు గారు, రెఫరల్‌కి ఒక సీనియరు దొరికితే చాలు.

భీమవరం ఉన్న ఏలూరు మేత్రాసనం విజయవాడ నుంచి విడివడి ఏర్పడింది 1976లో. 2026కి యాభై ఏళ్లు. స్వర్ణోత్సవాలంటే ఆర్చీలు కడతాం, సావనీర్లు అచ్చేస్తాం. ఆ ఖర్చులో కొంత పక్కన పెట్టి భీమవరంలో కాలేజీల దగ్గర రెండు గదులు అద్దెకి తీసుకుని, విద్యార్థుల కోసమే ఒక గురువుని, ఒక సిస్టరు గారిని నియమిస్తే బాగుంటుందని నా కోరిక. గదుల్లో వైఫై ఉండాలి, టీ ఉండాలి, రాత్రి పదింటి దాకా తలుపు తీసి ఉండాలి. దొరికితే పాత ప్రశ్నపత్రాలు కూడా.

హాస్టళ్లున్న ఊళ్లలో విచారణ చూసే గురువులకి ఒక్క మనవి. మా పిల్లలు మొహమాటస్తులు, వెనక బెంచీలో కూర్చుని చివరి పాట కాకముందే వెళ్లిపోతారు. పూజ అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి "ఏ ఊరు బాబూ?" అని అడగండి. తెలుగు పూజ టైము ఒక కాగితం మీద రాసి హాస్టల్ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో అంటించండి. మూడు నెలలు గడిస్తే చట్టప్రకారం వాళ్లు మీ బిడ్డలే ఎలాగూ. మొదటి వారంలోనే ఒకసారి వెళ్లి పలకరించి రండి.